ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి గణితం: పాఠ్యపుస్తకం, ప్రమాణాలు, పరీక్ష – రేణిగుంట నేపథ్యంగా ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఆంధ్రప్రదేశ్‌లో గత పదేళ్లలో పాఠశాల గణితానికి సంబంధించిన పాఠ్యపుస్తకాలు, విద్యా ప్రమాణాలు, పరీక్షా విధానం పలుమార్లు మారాయి. ఈ మూడూ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కారణాలతో, ఒకదానితో ఒకటి సంప్రదించుకోకుండా మారడమే ప్రధాన లోపమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 2014 నాటి రాష్ట్ర పుస్తకాన్ని, 2024-25లో ప్రవేశపెట్టిన జాతీయ పుస్తకాన్ని పోల్చి చూస్తుంది. ఉత్తీర్ణతా శాతాలు గణిత జ్ఞానానికి కొలమానం కాలేవని, ద్విభాషా పుస్తకాల్లో పారిభాషిక పదాల సమస్య పరిష్కరించవలసి ఉందని, పూర్వపు చిత్తూరు జిల్లాలోనే రూపొందిన రిషివ్యాలీ పద్ధతి నుంచి మూల్యాంకనం విషయంలో నేర్చుకోదగినది ఉందని వివరిస్తుంది.

కీలక పదాలు: గణిత బోధన, పాఠ్యక్రమం, విద్యా ప్రమాణాలు, మూల్యాంకనం, ద్విభాషా పాఠ్యపుస్తకం, రేణిగుంట

1. ఉపోద్ఘాతం

రేణిగుంట కూడలి ఊరు. ముంబై–చెన్నై రైలు మార్గమూ, గూడూరు–కాట్పాడి మార్గమూ ఇక్కడే కలుస్తాయి. తిరుపతి విమానాశ్రయం ఉన్నది ఈ ఊరి దగ్గరే. ఎలక్ట్రానిక్ వస్తువుల కర్మాగారాలు ఈ పరిసరాల్లోనే వెలిశాయి. ఇక్కడినుంచి శ్రీకాళహస్తి దారిలో కొద్ది దూరం వెళితే ఏర్పేడు మండలంలో 2015లో మొదలైన రెండు జాతీయ సంస్థలు, తిరుపతి ఐఐటి, ఐసర్, కనిపిస్తాయి. ఒకే రహదారి మీద ప్రభుత్వ ఉన్నత పాఠశాల, కర్మాగారం, ఐఐటి ఉన్న ప్రాంతమిది. ఈ మూడింటినీ కలిపే విద్యావిషయం ఏదైనా ఉందంటే అది గణితమే.

పదవ తరగతి తరువాత ఎం.పి.సి. తీసుకునే విద్యార్థికి ఆ పుస్తకం ఒక మెట్టు. ఐ.టి.ఐ.కో, కర్మాగారానికో, చదువు మాని వ్యాపారానికో వెళ్లే విద్యార్థికి మాత్రం విస్తృతంగా గణితం చదివే చివరి అవకాశం దాదాపుగా అదే. అందువల్ల ఆ పుస్తకంలో ఏముండాలి, ఏది తీసివేయాలి, నేర్చినదాన్ని ఎలా పరీక్షించాలి అన్నవి కేవలం పాలనాపరమైన నిర్ణయాలు కావు. ఈ నిర్ణయాలను విమర్శనాత్మకంగా పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. పూర్వరంగం

ఒకప్పుడు ఉన్నత పాఠశాలల్లో సాధారణ గణితం, కాంపోజిట్ గణితం అని రెండు పాఠ్యక్రమాలు ఉండేవి. మొదటి పదేళ్ల చదువులో గణితం అందరికీ తప్పనిసరి కావాలని 1964-66 నాటి కొఠారి కమిషన్ సూచించిన తరువాత ఈ విభజన క్రమంగా తొలగింది. అందరికీ ఒకే గణితం అన్న ఆశయం మంచిదే. అయితే ఆ ఒక్క గణితం ఎవరిని దృష్టిలో పెట్టుకొని తయారైంది అన్న ప్రశ్న మిగిలిపోయింది.

2014కు ముందున్న పదవ తరగతి పుస్తకాన్ని చూస్తే సమాధానం దొరుకుతుంది. ప్రవచనాలు–సమితులు, ప్రమేయాలు, ఏకఘాత ప్రణాళిక, మాత్రికలు, అవధులు, గణన వంటి అంశాలు అందులో ఉండేవి. సోవియట్ స్పుత్నిక్ ప్రయోగం తరువాత అమెరికాలో తలెత్తిన నవగణిత ఉద్యమం ప్రభావం వీటిలో కొన్నింటి మీద స్పష్టంగా కనిపిస్తుంది. పై తరగతుల అవసరాలను కింది తరగతులకు దించిన పాఠ్యక్రమమది. జాతీయ విద్యా ప్రణాళిక చట్రం-2005 కోసం ఆర్. రామానుజం అధ్యక్షతన రూపొందిన గణిత బోధన పత్రం సరిగ్గా ఈ ధోరణినే తప్పుపట్టింది. గణిత పాఠ్యక్రమం ఎత్తుగా, సన్నగా పెరిగిందని, దానికి వెడల్పు అవసరమని ఆ పత్రం వాదన. గణితమంటే భయం, ప్రతిభ గల కొద్దిమందికీ వెనుకబడిన అధికులకూ సమానంగా కలిగే నిరాశ, మొరటు పరీక్షా విధానం, ఉపాధ్యాయుల సన్నద్ధతలో లోటు అన్న నాలుగు సమస్యలను అది ముందుపెట్టింది. తరువాత వచ్చిన ప్రతి సంస్కరణనూ ఈ నాలుగింటికి ఎదురుగా నిలబెట్టి చూడవచ్చు.

3. 2014 పుస్తకం, ఐదు ప్రమాణాలు

రాష్ట్ర విద్యా ప్రణాళిక పరిధిపత్రం-2011 ఆధారంగా 2012 నుంచి దశలవారీగా కొత్త పుస్తకాలు వచ్చాయి. 2014-15లో పదవ తరగతి వంతు వచ్చింది. ప్రమేయాలు, మాత్రికలు, ఏకఘాత ప్రణాళిక తొలగాయి. సంభావ్యత, క్షేత్రమితి, త్రికోణమితి అనువర్తనాలు స్థానం పొందాయి. పుస్తకం 14 అధ్యాయాలకు కుదురుకుంది.

అధ్యాయాల మార్పుకన్నా ముఖ్యమైనది విద్యా ప్రమాణాల ప్రవేశం. సమస్యా సాధన, కారణాలు చెప్పడం–నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం, దృశ్యీకరణ–ప్రాతినిధ్యపరచడం అన్న ఐదింటిని గణితానికి ప్రమాణాలుగా నిర్ణయించారు. ప్రశ్నపత్రంలో వీటికి వరుసగా 40, 20, 10, 15, 15 శాతం భారం కేటాయించారు. విద్యార్థికి ఏ పాఠం వచ్చు అన్న ప్రశ్న స్థానంలో, ఆ పాఠంతో విద్యార్థి ఏమి చేయగలడు అన్న ప్రశ్న వచ్చింది. రాష్ట్ర గణిత విద్యా చరిత్రలో ఇది నిజమైన మలుపు.

ఆచరణలో ఈ మలుపు మధ్యలోనే ఆగింది. ప్రశ్నపత్రం ప్రమాణాల వారీగా తయారైనా ఫలితం మాత్రం ఒకే అంకెగా వెలువడింది. విద్యార్థి నిరూపణలో బలహీనుడా, సమస్యను పటంగా మార్చుకోవడంలో తడబడుతున్నాడా అన్న సమాచారం విద్యార్థికీ, ఉపాధ్యాయుడికీ చేరలేదు. ఐదు గొట్టాల గుండా పోసిన నీటిని ఒకే తొట్టిలో కలిపి కొలిచినట్లయింది. నిరూపణకు కేటాయించిన 20 శాతం కూడా చాలా తరగతి గదుల్లో కంఠస్థ సిద్ధాంతాల చేతికే చిక్కింది. ప్రాథమిక అనుపాత సిద్ధాంతాన్నీ పైథాగరస్ సిద్ధాంతాన్నీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పిన విద్యార్థి, పటంలో అక్షరాలు మార్చితే ఆగిపోవడం గణిత ఉపాధ్యాయులకు కొత్త అనుభవం కాదు.

4. జాతీయ పుస్తకం: తొలగినవాటి లెక్క

2024-25లో పదవ తరగతికి జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి పుస్తకం వచ్చింది. ఇందులోనూ 14 అధ్యాయాలే ఉన్నాయి. పైకి పెద్ద తేడా కనిపించదు. లోపల మాత్రం రాష్ట్ర పుస్తకంలోని సమితులు, సంవర్గమానాలు, గుణశ్రేఢులు కనిపించవు. 2022లో జాతీయ మండలి చేపట్టిన హేతుబద్ధీకరణలో యూక్లిడ్ భాగహార న్యాయం, నిర్మాణాలు, సరూప త్రిభుజాల వైశాల్యాలు, పదవ తరగతిలోని పైథాగరస్ సిద్ధాంత విభాగం తొలగాయి.

ఈ తొలగింపులన్నీ ఒకే రకమైనవి కావు. సమితుల విషయంలో నష్టం తక్కువ. 2025-26 నుంచి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోనూ జాతీయ పాఠ్యక్రమమే అమలవుతోంది. ఆ పదకొండవ తరగతి పుస్తకం సమితులతోనే మొదలవుతుంది. పైకి వెళ్లే విద్యార్థికి ఈ అతుకు సరిగానే కుదిరింది.

గుణశ్రేఢి, సంవర్గమానం సంగతి వేరు. వీటి తొలగింపు నష్టం పైకి వెళ్లని విద్యార్థికే ఎక్కువ. రాయలసీమ ఊళ్లలో వడ్డీని ఏడాదికి ఇంత శాతమని చెప్పరు, నూటికి రెండు రూపాయలనో మూడు రూపాయలనో నెల లెక్కన చెబుతారు. రెండు రూపాయల వడ్డీకి 10,000 రూపాయలు తీసుకున్న కుటుంబం బారువడ్డీ లెక్కన ఏడాదికి 2,400 రూపాయలు బాకీ పడుతుంది. నెలనెలా వడ్డీ అసలులో కలిసే చక్రవడ్డీ అయితే ఏడాది చివర మొత్తం బాకీ సుమారు 12,682 రూపాయలు అవుతుంది. తేడా 282 రూపాయలే కదా అనిపిస్తుంది. అసలు రెట్టింపు కావడానికి ఎంతకాలం పడుతుందని అడిగితే తేడా బయటపడుతుంది. బారువడ్డీకి 50 నెలలు, చక్రవడ్డీకి దాదాపు 35 నెలలు. ఈ 35 అన్న సంఖ్యను రాబట్టే సాధనమే సంవర్గమానం. నెలనెలా పెరిగే బాకీల వరుసే గుణశ్రేఢి. చక్రవడ్డీ సూత్రం ఎనిమిదవ తరగతిలో వస్తుంది. అయితే సూత్రంలో కాలం ఇచ్చి మొత్తం కనుక్కోవడం ఒకటి, మొత్తం ఇచ్చి కాలం కనుక్కోవడం మరొకటి. రెండో ప్రశ్నే అప్పు చేసిన ఇంటి ప్రశ్న. పాత రాష్ట్ర పుస్తకం ఈ రెండు పాఠాలనూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంచి, వాటిని ఇలా ముడిపెట్టే పనిని పూర్తిగా చేయలేదన్నది నిజం. కానీ ముడి వేయడానికి అవసరమైన రెండు కొసలూ ఆ పుస్తకంలో ఉన్నాయి.

నిరూపణ విషయంలో ఒక వైరుధ్యం గమనార్హం. కారణాలు చెప్పడం ఒక ప్రమాణమని ప్రకటించిన వ్యవస్థలోనే, పదవ తరగతి విద్యార్థికి అందుబాటులో ఉన్న అత్యంత సుందరమైన నిరూపణల్లో ఒకటి పుస్తకం నుంచి తప్పుకుంది. కంఠస్థం చేస్తున్నారు కనుక తీసివేయడం న్యాయమే అనే వాదన ఉండవచ్చు. పిల్లలు అర్థం చేసుకోకుండా వల్లిస్తున్న పాఠానికి పరిష్కారం బోధనలోనూ ప్రశ్నలోనూ ఉంటుంది. పాఠాన్ని తొలగిస్తే వల్లించే అలవాటు మరో పాఠానికి మారుతుందే తప్ప పోదు.

సందర్భాల ఎంపిక మరో అంశం. జాతీయ పుస్తకంలో త్రికోణమితి కుతుబ్ మినార్ చూడబోయిన విద్యార్థులతో మొదలవుతుంది. రేణిగుంట విద్యార్థి తల ఎత్తితే శేషాచలం కొండలు కనిపిస్తాయి. ఊర్ధ్వకోణం అంటే ఏమిటో చెప్పడానికి అంతకు మించిన పరికరం లేదు. స్థానిక ఉదాహరణ కావాలనడం ప్రాంతాభిమానం కాదు. బయటికి వెళ్లి కోణమానినితో కొలిచి సరిచూసుకోగల ఉదాహరణకూ, పుస్తకంలో నమ్మి ఊరుకోవలసిన ఉదాహరణకూ బోధన దృష్ట్యా తేడా ఉంది.

5. ఒకే బృందం, ఐదు కొత్త పుస్తకాలు

మార్పుల గుణదోషాలకన్నా వాటి కాలక్రమం ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. 2025 మార్చిలో పదవ తరగతి పరీక్ష రాసిన బృందాన్ని వెనక్కి వెళ్లి చూడవచ్చు. వారు ఐదవ తరగతి చివరలో ఉండగా 2020 మార్చిలో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డాయి. 2020-21లో ఒకటి నుంచి ఆరు తరగతులకు కొత్త పుస్తకాలు వచ్చాయి. అప్పుడు వారు ఆరవ తరగతిలో ఉన్నారు. 2021-22లో ఏడవ తరగతి, 2022-23లో ఎనిమిదవ తరగతి, 2023-24లో తొమ్మిదవ తరగతి, 2024-25లో పదవ తరగతి పుస్తకాలు మారాయి. మార్పు ఏటా ఒక తరగతి పైకి ఎక్కింది. ఈ పిల్లలూ ఏటా ఒక తరగతి పైకి ఎక్కారు. ఆరు నుంచి పది వరకు ప్రతి ఏటా వారి చేతిలోకి వచ్చింది కొత్త పుస్తకమే.

దీనికి మరో వైపు కూడా ఉంది. ఆ ఐదేళ్లూ వారికి పాఠం చెప్పిన ఉపాధ్యాయులు కూడా ఆ పుస్తకాన్ని మొదటిసారి చెబుతున్నవారే. ఏ అధ్యాయంలో పిల్లలు ఎక్కడ తడబడతారు, ఏ లెక్కకు ముందు ఏ లెక్క చెప్పాలి అన్న జ్ఞానం రెండుమూడేళ్లు ఒకే పుస్తకాన్ని బోధిస్తేనే ఏర్పడుతుంది. అక్కలూ అన్నలూ వాడిన పుస్తకం, రాసుకున్న నోట్సు ఇంట్లో ఉన్నా పనికిరాలేదు. ట్యూషన్ స్థోమత లేని ఇంట్లో అదే పెద్ద ఆసరా.

ఈ బృందంలోనే మరికొందరిపై ఇంకొక భారం పడింది. 2023-24లో 1,000 ప్రభుత్వ పాఠశాలలు తొమ్మిదవ తరగతి నుంచి సి.బి.ఎస్.ఇ. పరిధిలోకి వెళ్లాయి. 2024 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవడంతో ఆ విద్యార్థులు పదవ తరగతి మధ్యలో మళ్లీ రాష్ట్ర పరీక్షకు సిద్ధం కావలసివచ్చింది. నిర్ణయం తీసుకోవడం సరా, వెనక్కి తీసుకోవడం సరా అన్నది వేరే చర్చ. రెండింటి మధ్య ఒక బృందం పూర్తి చదువు ముగియలేదన్నది మాత్రం వాస్తవం.

6. పరీక్ష: కొలబద్ద మారితే పొడవు మారదు

పరీక్షా విధానం మార్పుల క్రమం ఇలా ఉంది. నిరంతర సమగ్ర మూల్యాంకనంలో భాగంగా 2016-17 నుంచి పదవ తరగతిలో 80 మార్కులు రాత పరీక్షకు, 20 మార్కులు అంతర్గత మూల్యాంకనానికి కేటాయించారు. గణితం రెండు పత్రాలుగా ఉండేది. 2019లో అంతర్గత మార్కులను రద్దు చేశారు. 2020, 2021లలో కోవిడ్ వల్ల పరీక్షలే జరగలేదు. తరువాత గణితం 100 మార్కుల ఒకే పత్రమైంది. ఇందులో ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5, మొత్తం 33 ప్రశ్నలు ఉంటాయి.

ఇప్పుడు రాష్ట్ర స్థాయి మొత్తం ఉత్తీర్ణతా శాతాలను చూడాలి. 2019లో 94.88, 2022లో 67.26, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. ఇవి అన్ని సబ్జెక్టులకూ కలిపిన శాతాలు. ఏటా వీటి మీదే విద్యా వ్యవస్థ ఎదిగిందనీ దిగజారిందనీ వాదోపవాదాలు నడుస్తాయి. 2019కీ 2022కీ మధ్య అంతర్గత మార్కులు పోయాయి, పత్రాల సంఖ్య తగ్గింది, రెండేళ్లు బడులు సరిగా నడవలేదు. ఈ మూడు కారణాల్లో దేని వాటా ఎంతో ఆ శాతం చెప్పలేదు. 2024 బృందం 2014 నాటి పుస్తకం చదివింది, 2025 బృందం జాతీయ పుస్తకం చదివింది. రెండు వేర్వేరు పుస్తకాల మీద, రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలతో వచ్చిన రెండు శాతాలను పోల్చి, కొత్త పుస్తకం వల్ల ఐదున్నర శాతం నష్టమని తేల్చడం గణితం నేర్పని తర్కం. సంఖ్యలను ఎలా చదవకూడదో సాంఖ్యక శాస్త్రం అధ్యాయంలో పిల్లలకు చెప్పవలసిన పాఠమే ఇది.

పరీక్షకు వెలుపలి సాక్ష్యం భిన్నమైన చిత్రాన్ని ఇస్తుంది. దేశవ్యాప్తంగా గ్రామీణ ప్రాంతాల్లో ఎనిమిదవ తరగతి పిల్లల్లో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సగంకన్నా తక్కువని ఏసర్-2024 నివేదిక తెలిపింది. భాగహారం రాని విద్యార్థి రెండేళ్ల తరువాత బహుపదులతో 35 మార్కులు ఎలా దాటుతున్నాడన్న ప్రశ్నకు సమాధానం ప్రశ్నపత్రం ఊహించదగినదిగా ఉండటంలో దొరుకుతుంది. ఏ రకం ప్రశ్న ఏ స్థానంలో వస్తుందో ముందే తెలిస్తే, వెనుకబడిన విద్యార్థికి ఆ రకాలను మాత్రమే సాధన చేయించవచ్చు. ఉపాధ్యాయుడు చేస్తున్నది మోసం కాదు. ఫలితం శాతంతోనే తన పనిని కొలిచే వ్యవస్థకు అతడు ఇస్తున్న సహజమైన జవాబది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి భిన్నమైన నమూనా ఒకటి నమోదైంది. కడపతో కలిపి ఐదు జిల్లాల్లో, 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తిక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. ఉపాధ్యాయులకు ఫలితాల ఆధారంగా ప్రోత్సాహకం ఇస్తే పిల్లల అభ్యసనం ఏమవుతుందన్నది వారి ప్రశ్న. రెండేళ్లలో గణితంలో 0.27 ప్రామాణిక విచలనం మేరకు మెరుగుదల కనిపించింది. ఈ వ్యాసానికి ముఖ్యమైనది ప్రోత్సాహకం కాదు, వారి ప్రశ్నపత్రం. పుస్తకంలో ఉన్నట్లే అడిగే యాంత్రిక ప్రశ్నలనూ, అదే భావనను కొత్త రూపంలో అడిగే ప్రశ్నలనూ అందులో వేరుచేసి, ఫలితాలనూ వేరుగా చూశారు. మెరుగుదల కంఠస్థానిదా అవగాహనదా అన్నది అప్పుడే తేలుతుంది. రాష్ట్ర పరీక్ష ఇంత చిన్న విభజనను కూడా ఇంతవరకు ప్రజల ముందు ఉంచలేదు.

7. రెండు భాషల పుటలు

2020 తరువాతి పుస్తకాల్లో మెచ్చుకోదగిన అంశం ద్విభాషా ముద్రణ. ఒక పుటలో తెలుగు, ఎదురు పుటలో అదే పాఠం ఆంగ్లంలో. తెలుగులో ఆలోచించి ఆంగ్లంలో రాయవలసిన విద్యార్థికి ఇది నిజమైన సాయం. అయితే ఎదురెదురు పుటలు ఉన్నంత మాత్రాన పదాలు ఎదురెదురుగా నిలబడవు.

అకరణీయ, కరణీయ సంఖ్యల జంట దీనికి చక్కని ఉదాహరణ. ఆంగ్లంలో రేషనల్ అన్నది మూలపదం, ఇర్రేషనల్ అన్నది దాని వ్యతిరేకం. తెలుగులో వ్యతిరేకార్థక ‘అ’కారం రేషనల్ సంఖ్యకు చేరింది. సంస్కృత గణితంలో కరణి అంటే వర్గమూలంగా మిగిలిపోయే రాశి. కరణి లేనిది అకరణీయం. తెలుగు పదానికి తనదైన తర్కం ఉంది, అది ఆంగ్ల పదంకన్నా లోతైనది కూడా. కానీ ఆ తర్కం చెప్పకుండా రెండు పుటలనూ ఎదురెదురుగా పెడితే, ‘ఇర్’ ఉన్న పదం పక్కన ‘అ’ ఉన్న పదాన్ని జతచేయడం విద్యార్థి చేసే సహజమైన పొరపాటు. తప్పు విద్యార్థిది కాదు. పదాల వెనుక ఉన్న ఆలోచనను రెండు వాక్యాల్లో వివరించే చోటు పుస్తకంలో లేకపోవడమే లోపం. పదకొండు, పన్నెండు శతాబ్దాల నాడే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు చేసిన భాషకు ఇది అసాధ్యమైన పని కాదు.

8. పరీక్షను పాఠంలో కలిపిన పద్ధతి

మూల్యాంకనానికి ప్రత్యామ్నాయం కోసం దూరం వెళ్లనవసరం లేదు. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లోని ఉపపాఠశాలల కోసం బహుళ తరగతి, బహుళ స్థాయి పద్ధతిని రూపొందించింది. పాఠ్యాంశాలన్నీ ఒక అభ్యసన నిచ్చెనగా అమరి ఉంటాయి. నిచ్చెనలోని ప్రతి మైలురాయి వద్ద పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం, అవసరమైతే పునర్బోధన, ముందుకు సాగే పిల్లలకు అదనపు కృత్యం అని కార్డులు ఉంటాయి. పిల్లవాడు కూడికలో తడబడితే ఆ మైలురాయి దగ్గరే ఆగి సరిదిద్దుకొని ముందుకు వెళతాడు. పరీక్ష ఏడాది చివర వచ్చే తీర్పు కాదు, దారిలో ఎదురయ్యే సూచిక. 1990లలో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో మొదలైన కర్ణాటక నలి–కలి పద్ధతికీ, ఆ తరువాత తమిళనాడు కృత్యాధార అభ్యసనానికీ ఇదే ప్రేరణ.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. అది ప్రాథమిక తరగతుల కోసం, కొద్దిమంది పిల్లలున్న బడుల కోసం పుట్టింది. పదవ తరగతి త్రికోణమితిని కార్డులుగా విడగొట్టడం సాధ్యమా, అవసరమా అన్నది చర్చనీయమే. అయినా అందులోని మూల సూత్రం ఏ తరగతికైనా వర్తిస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆ చోటునే, ఆ వారమే తెలియాలి. రెండు పొరుగు రాష్ట్రాలు స్వీకరించిన ఈ ఆలోచనకు పుట్టిన గడ్డ మీద, ఉన్నత పాఠశాల మూల్యాంకన చర్చల్లో తగిన చోటు దక్కకపోవడం విచారకరం.

9. ముగింపు

పై పరిశీలన నుంచి తేలేది 2014 పుస్తకం మంచిదనో, జాతీయ పుస్తకం చెడ్డదనో కాదు. మొదటిది ప్రమాణాలను తెచ్చి వాటి ఫలితాన్ని చూపలేకపోయింది. రెండోది ఇంటర్మీడియట్‌తో అతుకు కుదిర్చి, ఇంటర్మీడియట్‌కు వెళ్లని విద్యార్థి అవసరాన్ని మరిచింది. పరీక్ష ఈ రెండింటితోనూ సంబంధం లేకుండా తన దారిన తాను మారింది.

ఇక చేయవలసినవి కొన్ని స్పష్టంగానే ఉన్నాయి. ఆరవ తరగతిలో చేరిన బృందం పదవ తరగతి ముగించేవరకు మౌలికమైన మార్పు చేయకూడదన్న నియమం అవసరం. పరీక్ష ఫలితాన్ని ఐదు ప్రమాణాల వారీగా కనీసం పాఠశాల స్థాయిలోనైనా వెల్లడించాలి. అప్పుబాకీ లెక్క వంటి జీవితావసరాల కోసం గుణశ్రేఢి, సంవర్గమానాలతో ఒక చిన్న అనుబంధ అధ్యాయాన్ని రాష్ట్రం తనంతట తాను చేర్చుకోవచ్చు. పారిభాషిక పదాల వెనుక తర్కాన్ని చెప్పే పట్టిక ద్విభాషా పుస్తకంలో ఉండాలి. వీటిలో ఏదీ భారీ వ్యయంతో కూడినది కాదు.

2025లో పరీక్ష రాసిన బృందంలోని విద్యార్థుల్లో కొందరు ఈనాడు ఏర్పేడు దారిలోని ఐఐటి ప్రవేశానికి సిద్ధమవుతూ ఉంటారు, మరికొందరు అదే దారిలోని కర్మాగారాల్లో చేరబోతూ ఉంటారు. ఐదేళ్లలో ఐదు కొత్త పుస్తకాలు చూసిన ఆ పిల్లలకు నిజంగా ఏమి వచ్చిందన్న ప్రశ్నకు 81.14 అన్న సంఖ్య తప్ప రాష్ట్రం వద్ద వేరే జవాబు లేదు. ఆ జవాబును సమకూర్చుకోవడమే రాబోయే గణిత సంస్కరణకు తొలి మెట్టు కావాలి.